కరువు పాతది, వేడి కొత్తది

సంపాదకులకు,

నమస్కారం. రాయలసీమ ఎండల మీద, వానల మీద ఈ శీర్షికలో కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో రెండు రకాల వాదనలు కనిపిస్తున్నాయి. "అనంతపురానికి కరువు కొత్తా? ధాత కరువు (1876–78) నాడు ఏ కార్లు తిరిగాయి, ఏ థర్మల్ కేంద్రాలు నడిచాయి? ఇదంతా విదేశాలవాళ్లు పుట్టించిన మాట" అనేది మొదటి వాదన. చెరువు తెగినా, చెనక్కాయ పైరు ఎండినా, బోరు ఇంకినా అన్నిటికీ వాతావరణ మార్పే కారణం అనేది రెండోది. ఈ ఇద్దరూ చేస్తున్న తప్పు ఒక్కటే. కరువునూ భూమి వేడెక్కడాన్నీ కలిపేసి మాట్లాడుతున్నారు. ఈ రెంటినీ విడదీసి చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడవుగా ఉన్నా కత్తిరించకుండా వేయమని మనవి.

ముందు కరువు సంగతి. అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి ఇటు వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వాన తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోతుంది. రెండు వానకాలాలకూ అంచున పడ్డ నేల మనది. దానికి తోడు, పసిఫిక్ మహాసముద్రం నడిమి నీళ్లు వేడెక్కే ఎల్ నినో ఏళ్లలో మన దేశంలో నైరుతి వాన తరచూ దెబ్బతింటుంది. 1876–78 ధాత కరువు నాడు కూడా బలమైన ఎల్ నినో నడిచింది. అప్పట్లో అన్ని లక్షలమంది చచ్చిపోవడానికి వాన ఒక్కటే కారణం కాదు. గింజలు రేవులకు తరలిపోతూనే ఉన్నాయి, కూలి పనుల దగ్గర ఇచ్చే తిండికి కోత పెట్టారు. ఆ తర్వాత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాన్ని ముందుగా పసిగట్టే దారి వెతుకుతూనే, పసిఫిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య గాలి పీడనం ఊగిసలాడుతుందని కనిపెట్టాడు. కాబట్టి కరువు రావడానికి పెట్రోలు అక్కర్లేదన్న మాట నిజమే. అంతవరకు మొదటి వాదనవాళ్లతో మాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాతి మాటతోనే. భూమి వేడెక్కుతోందన్న సంగతి కంప్యూటర్లు వచ్చాక పుట్టింది కాదు, ఏ దేశపు రాజకీయాల్లోంచీ పుట్టలేదు. 1824లో ఫ్రాన్సులో ఫోరియర్ ఒక లెక్క వేశాడు. సూర్యుడి నుంచి వచ్చే వేడి, భూమి నుంచి పోయే వేడి చూస్తే భూమి ఇంత వెచ్చగా ఉండకూడదు, గాలి ఏదో అడ్డం పడుతోంది అన్నాడు. ఆ లెక్క ఇప్పటి అంకెల్లో ఇలా ఉంటుంది. భూగోళం మొత్తానికీ పగలూ రాత్రీ సగటు తీస్తే చదరపు మీటరుకు 340 వాట్ల ఎండ అందుతుంది. అందులో 100 వాట్ల దాకా మేఘాలు, మంచు, ఇసుక తిప్పి పంపేస్తాయి. మిగిలిన 240 వాట్లతో భూమి ఉండాల్సిన ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు. ఉన్నది సుమారు ప్లస్ 15. ఆ 33 డిగ్రీల తేడా గాలిలోని కొన్ని వాయువుల పని.

ఏ వాయువుల పని? 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒక దాంట్లో మామూలు గాలి, ఒక దాంట్లో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ గొట్టం ఎక్కువ వేడెక్కింది, నీడకు తెచ్చాక చల్లారడానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని ఆవిడ అప్పుడే రాసింది. కానీ ఆ ప్రయోగంలో ఒక లోటుంది. నేల నుంచి వెలువడే పరారుణ కిరణాలను, అంటే కంటికి కనబడని వేడి కిరణాలను, గాజు తనే ఆపేస్తుంది. అందువల్ల ఏ వేడి ఎండది, ఏ వేడి పరారుణానిది అని విడదీయడం కుదరదు. ఆ పని 1859లో లండన్‌లో జాన్ టిండాల్ చేశాడు. ఇత్తడి గొట్టం తీసుకుని, రెండు కొసలకూ గాజుకు బదులు రాతి ఉప్పు పలకలు బిగించాడు. రాతి ఉప్పు పరారుణాన్ని ఆపదు. ఒక కొస దగ్గర మరిగే నీళ్ల డబ్బా, రెండో కొస దగ్గర చిన్న వేడి తేడాను కూడా విద్యుత్తుగా మార్చి చూపే థర్మోపైల్ పెట్టి, గొట్టంలో వాయువులను ఒక్కొక్కటిగా నింపి చూశాడు. గాలిలో 99 శాతం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ వేడిని దాదాపు ఆపలేదు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ జాతి వాయువులు ఆపాయి. "అంత తక్కువ ఉన్న వాయువు ఏం చేస్తుంది" అని అడిగేవాళ్లకు జవాబు ఆ గొట్టంలోనే ఉంది. ఎక్కువ ఉన్నవి ఆ పనే చేయవు, కాబట్టి చేసేది ఎంత తక్కువ ఉన్నా దాని పెరుగుదల తెలుస్తుంది.

1896లో స్వీడన్‌లో స్వాంతే అర్హీనియస్ చేత్తో లెక్కలు కట్టి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5–6 డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. ఇప్పటి అంచనాలో నడిమి అంకె 3. ఆయన చేతికి దొరికిన కొలతలు చంద్రుడి నుంచి వచ్చే పరారుణాన్ని అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు లాంగ్లీ కొలిచి పెట్టినవి మాత్రమే. వాటితోనే అంత దగ్గరికి రావడం గొప్ప సంగతి.

నాలుగేళ్లకే ఆ లెక్కకు ఎదురు దెబ్బ తగిలింది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాం. ఎందుకంటే ఆ అభ్యంతరమే 120 ఏళ్ల తర్వాత కూడా వాట్సాప్‌లో తిరుగుతోంది. 1900లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రోమ్ గొట్టంలో కార్బన్ డయాక్సైడ్‌ను పెంచీ తగ్గించీ చూస్తే ఆగే వేడిలో పెద్ద తేడా కనబడలేదు. ఉన్న వాయువే ఆపగలిగినంతా ఆపేస్తోంది, ఇంకా కలిపితే ఒరిగేదేమీ లేదని తేల్చారు. చాలామంది శాస్త్రజ్ఞులు దాన్ని దశాబ్దాల పాటు నమ్మారు. తప్పెక్కడుందంటే, గొట్టంలో గాలి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే పీడనంలో, ఒకే వేడిలో ఉంటుంది. ఆకాశం అలా ఉండదు. కిలోమీటరు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, గాలి పలచబడుతుంది. నేల వదిలిన వేడి నేరుగా అంతరిక్షంలోకి పోదు. ఒక పొర పీల్చుకుని పైకీ కిందికీ వదులుతుంది, పై పొర మళ్లీ పీలుస్తుంది. అలా పోయి పోయి, గాలి బాగా పలచబడ్డ చోటి నుంచి బయటపడుతుంది. ఆ చోటు సగటున ఐదారు కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంది. వాయువు పెరిగితే ఆ చోటు ఇంకా పైకి జరుగుతుంది. అక్కడ ఇంకా చలి. చల్లటి పొర వదిలే వేడి తక్కువ. వచ్చే ఎండ అంతే ఉంది, పోయే వేడి తగ్గింది. రెండూ మళ్లీ సమానమయ్యే దాకా కింద ఉన్నదంతా వేడెక్కక తప్పదు. నేల దగ్గర వాయువు నిండిపోయిందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే బయటికి పోకుండా ఆగే వేడి చదరపు మీటరుకు 3.7 వాట్లు అదనం. పరిశ్రమలకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ 2024 సగటున హవాయిలో 424 దాటింది. ఈ పెరుగుదలకు వచ్చే లెక్క 2.2 వాట్లు. చిన్న అంకెలా ఉంటుంది. ఎకరా మీద లెక్క కడితే 9 కిలోవాట్లు, అంటే రెండు ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఎకరా ఎకరాకూ రాత్రింబవళ్లు ఆగకుండా లాగే కరెంటంత. భూమి ఇప్పటికే కొంత వేడెక్కి అందులో ఒక భాగాన్ని తిరిగి వదిలేస్తోంది. మిగిలింది నిలవ పడుతోంది, ఆ నిలవలో 90 శాతం సముద్రాల్లోకి పోతోంది. ఆర్గో అనే తేలే పరికరాలు దాదాపు నాలుగు వేలు ప్రపంచ సముద్రాల్లో రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి తేలుతూ దాన్ని కొలుస్తున్నాయి. హిందూ మహాసముద్రం లెక్కలు చూసే సంస్థల్లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఒకటి. "నగరాలు పెరిగి థర్మామీటర్లు వేడి చూపిస్తున్నాయి, అంతే" అనేవాళ్లు సముద్రం అడుగున ఏ నగరముందో చెప్పాలి.

1938లో గై కాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజినీరు ప్రపంచంలోని 147 వాతావరణ కేంద్రాల అంకెలు పోగేసి, భూమి వేడెక్కడం మొదలైందని చూపించాడు. అర శతాబ్దంలో మనిషి 15,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిపాడని కూడా లెక్క కట్టాడు. అప్పట్లో పెద్దలు పెద్దగా పట్టించుకోలేదు. అసలు ఆ వాయువు గాలిలో నిలుస్తోందా, సముద్రం మింగేస్తోందా అన్న అనుమానం తీర్చింది చార్లెస్ డేవిడ్ కీలింగ్. 1958 మార్చిలో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టాడు. మొదటి అంకె 313. ఆ కొండ అగ్నిపర్వతం కదా, దాని పొగ కలవదా అని అడుగుతారు. కలుస్తుంది. అలా కలిసినప్పుడు అంకె గంట గంటకూ ఎగిరిపడుతుంది, అందుకే నిలకడగా ఉన్న గంటలనే లెక్కలోకి తీసుకుంటారు. అంటార్కిటికాలో, ఇంకా ఎన్నో చోట్ల వేర్వేరు సంస్థలు తీసే కొలతలు కూడా అదే పెరుగుదల చూపిస్తున్నాయి. ఇక పాత రోజుల సంగతి మంచు చెబుతుంది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలను తవ్వి తీస్తే 8 లక్షల ఏళ్ల చరిత్ర దొరికింది. ఆ కాలమంతా ఈ వాయువు సుమారు 170కీ 300కీ మధ్యే ఊగింది. 400 ఎన్నడూ లేదు.

పెరిగింది మనిషి వల్లే అని ఎలా చెప్పగలం? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్లా సిమెంటు వల్లా ఏడాదికి 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. అడవులు కొట్టడం వల్ల మరో 400 కోట్ల టన్నులు అనుకోండి. గాలిలో ఏటా పెరుగుతున్నది సగటున పది లక్షల్లో రెండున్నర పాళ్లు. ఒక పాలు అంటే 780 కోట్ల టన్నులు, కాబట్టి పెరుగుదల 2,000 కోట్ల టన్నులకు అటూ ఇటూ. మనం కలిపిన దాంట్లో సగమే గాలిలో ఉంది, మిగతా సగం సముద్రమూ చెట్లూ నేలా పీల్చుకుంటున్నాయి. ప్రకృతి తన వంతుగా కలుపుతుంటే గాలిలో పెరిగేది మనం కలిపినదానికంటే ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంది. పైగా గాలిలోని కార్బన్ కూడా తన పుట్టుక చెప్పుకుంటోంది. కార్బన్‌లో తనంతట తాను తరిగిపోయే రకమైన కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్లు, కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది మిగలదు. 1955లో హాన్స్ సుయెస్ చెట్ల వలయాల్లో కార్బన్-14 పలచబడడాన్ని పట్టుకున్నాడు. కార్బన్‌లో ఇంకో రకమైన కార్బన్-13 పాలు కూడా తగ్గుతోంది. మొక్కలు దాన్ని తక్కువగా తీసుకుంటాయి కాబట్టి, మొక్కల నుంచి పుట్టిన ఇంధనం మండితే జరగాల్సింది అదే. గాలిలో ఆక్సిజన్ కూడా, మంటకు ఖర్చయ్యే లెక్క ప్రకారమే, కొద్దికొద్దిగా తగ్గుతోంది. సముద్రం నుంచి వాయువు ఎగిసిపడుతుంటే ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది?

అగ్నిపర్వతాల మాట వచ్చినప్పుడల్లా మాకు జ్వాలాపురం గుర్తుకొస్తుంది. బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలోని టోబా పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి మన సీమలో పడిన బూడిద అది. పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వితే ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద పేలుడుకు గుర్తు మన పొలాల కిందే పెట్టుకుని కూడా, అగ్నిపర్వతం భూమిని వేడెక్కిస్తుందనుకోవడం పొరపాటు. పెద్ద పేలుడు గంధకపు పొగను పైకి ఎగజిమ్మి ఎండను అడ్డుకుంటుంది, భూమి ఒకటి రెండేళ్లు చల్లబడుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలాక భూమి సగటు దాదాపు అర డిగ్రీ తగ్గింది. ఇక కార్బన్ డయాక్సైడ్ మాటకొస్తే, ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనుషులు వదిలే దాంట్లో ఒక శాతానికి అటూ ఇటూ.

సూర్యుడి మీద నెపం వేసేవాళ్లకు ఒక్క కొలత చాలు. సూర్యుడే కారణమైతే గాలి కింది నుంచి పైదాకా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింది పొర వేడెక్కి, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. ఈ మాట మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1967లోనే లెక్క కట్టి చెప్పారు. ఆ తర్వాత బెలూన్లు, ఉపగ్రహాలు కొలిచాయి. పైపొర చల్లబడింది. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది. మన దేశంలో పుట్టిన వి. రామనాథన్ 1975లో ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు కూడా ఇదే పని చేస్తాయని, అదీ కార్బన్ డయాక్సైడ్ కంటే అణువుకు అణువు వేల రెట్లు ఎక్కువగా చేస్తాయని చూపించాడు. ఇది విదేశాలవాళ్ల మాట అనేవాళ్లు ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల వంతు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టుపక్కల ఉన్న సున్నపురాయి సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న కార్బన్ నిలవ. దాన్ని బట్టీలో కాల్చితే 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి 56 కిలోల సున్నమూ 44 కిలోల కార్బన్ డయాక్సైడూ అవుతుంది. సౌర విద్యుత్తు పెట్టినా ఈ 44 కిలోలు తగ్గవు, ఎందుకంటే అవి మంటలోంచి కాదు, రాయిలోంచే వస్తాయి. బట్టీలో కాలి వచ్చే గడ్డలను క్లింకర్ అంటారు, వాటిని పొడి చేస్తేనే సిమెంటు. ఒక టన్ను క్లింకర్‌కు రాయి నుంచి అర టన్ను పైచిలుకు, బట్టీని 1,450 డిగ్రీలకు తెచ్చే ఇంధనం నుంచి మరో పావు టన్ను పైన. తగ్గించే దారి క్లింకర్‌ను తగ్గించడమే. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో మిగిలే బూడిద కలిపిన పీపీసీ సిమెంటులో క్లింకర్ మూడింట రెండు వంతులకు తగ్గొచ్చు. ఇంటి గోడలకు, గిలాబుకు అది సరిపోతుంది. పట్టు రావడానికి కాస్త ఎక్కువ రోజులు తీసుకుంటుంది కాబట్టి నీళ్లు పట్టడం వారం రోజులకే ఆపేయకూడదు, కనీసం పది రోజులు పట్టాలి. చాలామంది మేస్త్రీలు దీన్ని బలం లేని సిమెంటు అనడానికి కారణం తడపకుండా వదిలేయడమే.

ముద్దనూరు కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అందులో ఒక 210 మెగావాట్ల జనరేటర్ రోజంతా పూర్తిగా నడిస్తే 50 లక్షల యూనిట్లు వస్తాయి, మూడున్నర వేల టన్నుల బొగ్గు కాలుతుంది, 5,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. 2017లో మొదలైన కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లు. పేపర్లలో మెగావాట్లను మెగావాట్లతో పోలుస్తుంటారు, అది సరికాదు. రాత్రి ఎండ ఉండదు, పొద్దున సాయంత్రం ఏటవాలుగా పడుతుంది. వెయ్యి మెగావాట్ల పార్కు మంచి ఎండ రోజున ఇచ్చేది 50–60 లక్షల యూనిట్లు, అంటే పైన చెప్పిన ఒక్క జనరేటర్‌కు సమానం. పలక 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు పోయినట్టే. దుమ్ము పట్టిన పలకల నష్టం వేరు. ఇవన్నీ లెక్కేసుకున్నా అది 5,000 టన్నులు తప్పించే పని. వ్యవసాయానికి పగలే కరెంటు ఇచ్చే ఏర్పాటు ఈ సౌర విద్యుత్తుకు చక్కగా సరిపోతుంది, దాన్ని రాత్రికి మార్చే ఆలోచన ఎవరు చేసినా వద్దనాలి.

బోర్ల లెక్క ఎవరూ వేయరు కాబట్టి ఇక్కడ వేస్తాం. వెయ్యి లీటర్ల నీటిని 200 అడుగుల మట్టం నుంచి తోడడానికి, మోటారు, పంపు, పైపు నష్టాలన్నీ కలిపి 40 శాతం సామర్థ్యం అనుకుంటే, 0.4 యూనిట్ చాలు. అదే మట్టం 800 అడుగులకు పోతే 1.65 యూనిట్లు. ఎకరాకు 50 మిల్లీమీటర్ల తడి అంటే రెండు లక్షల లీటర్లు. 800 అడుగుల నుంచైతే 330 యూనిట్లు, బొగ్గుదీ మిగతాదీ అన్ని రకాల కరెంటూ కలిసిన సగటున యూనిట్‌కు 0.7 కిలో చొప్పున 230 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఒక్క తడికి. నీటిమట్టం పడిపోవడానికి కారణం వాతావరణ మార్పు కాదు, మనం తోడడమే. కానీ పడిపోయిన మట్టం మళ్లీ వాతావరణ మార్పుకు ఆజ్యం పోస్తోంది. ఒక చెరువు పూడిక తీసి చుట్టుపక్కల బోర్ల మట్టం పైకి తెస్తే ఆదా అయ్యేది నీళ్లూ, కరెంటూ, బొగ్గూ.

కె.సి. (కర్నూలు–కడప) కెనాల్ కింద వరి పండించే రైతులకు ఇంకో దారి ఉంది. మడిలో నీళ్లు నిలబడి ఉంటే గాలి ఆడక మట్టిలో మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్ల వేడి. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, కింది 15–20 సెంటీమీటర్లకు బెజ్జాలు పొడిచి మడిలో పాతాలి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగే దాకా నీరు పెట్టక్కర్లేదు, తర్వాత 5 సెంటీమీటర్లు పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలూ, పూతకు ఒక వారం ముందు నుంచి ఒక వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు నిలవుంచాలి. ఇలా చేస్తే మీథేన్ మూడో వంతు దాకా, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ తగ్గుతుంది, దిగుబడి తగ్గదు. ఇది పాటించకపోవడానికి రైతు మూర్ఖత్వం కారణం కాదు. వచ్చే వంతు నీళ్లు ఏ రోజు వస్తాయో తెలియనప్పుడు ఎవరైనా మడి నింపే పెట్టుకుంటారు. కాలువ వంతుల తేదీలు ముందే ప్రకటించి, చెప్పిన రోజున వదిలితేనే ఈ పద్ధతి నిలబడుతుంది.

వేడెక్కడం వల్ల మన నేలకు ఏమవుతోంది? 2020లో కేంద్ర భూ విజ్ఞాన శాఖ అచ్చేసిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. భూగోళం సగటు కంటే ఇది తక్కువ. దానికి ఒక కారణం మన గాలిలోని పొగ, దుమ్ము కొంత ఎండను అడ్డుకోవడం. ఆ పొగ శుభ్రమైతే దాగిన వేడి బయటపడుతుంది. ఒక డిగ్రీ పెరిగిన గాలి 6–7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఈ ఒక్క సూత్రం నుంచే రెండు పరిణామాలు పుడతాయి. వాన లేని రోజు గాలి నేలలోని పదునును ఇంకా గట్టిగా లాగేస్తుంది. వాన పడే రోజు ఉన్న ఆవిరంతా ఒకేసారి కుమ్మరిస్తుంది. మన ఎర్ర నేల లోతు తక్కువ, పెద్ద వాన కొడితే పైన పొర గట్టిపడి నీళ్లు వంకల పాలవుతాయి. అందుకే ఏడాది మొత్తం వాన సగటుకు సమానమైనా చెనక్కాయ ఎండిపోవచ్చు. ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే రోజుల్లో ఇరవై రోజులు బెట్ట పడితే ఆ తర్వాత పడే వాన పొట్టుకే కానీ గింజకు కాదు. పూత వేళ పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది, పూసినవన్నీ ఊడలవవు. అయితే, రాయలసీమలో మొత్తం వాన తగ్గుతుందా పెరుగుతుందా అన్న విషయంలో కంప్యూటర్ నమూనాలకు ఏకాభిప్రాయం లేదు. వేడి గురించి చెప్పినంత గట్టిగా వాన గురించి చెప్పేవాళ్లను నమ్మొద్దు.

రెండో వాదనవాళ్లకు ఇది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. అలాంటి వానలో వాతావరణ మార్పు వాటా ఎంత అన్నది శాస్త్రజ్ఞులు లెక్క కట్టాల్సిన ప్రశ్న. ఆ నీళ్లు ఎప్పుడు వదిలారు, కట్ట ఎందుకు ఆగలేదు, కింది ఊళ్లకు ఎవరు చెప్పారు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని దాటవేయనివ్వకూడదు.

బాధ్యత ఎవరిదన్న మాటకు కూడా అంకెలున్నాయి. ఇప్పటిదాకా గాలిలోకి పోయిన ఇంధనపు కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా వాటా దాదాపు పావు వంతు, మనది మూడు శాతానికి కాస్త అటూ ఇటూ. తలసరి మనం ఏడాదికి రెండు టన్నులు, అమెరికన్ 14 టన్నులు. ఈ అన్యాయం నిజం. 1992 రియో ఒప్పందం నుంచి 2015 పారిస్ దాకా మన దేశం దీన్నే అడుగుతోంది, అడగాలి కూడా. కానీ తప్పు వాళ్లదని తేలినంత మాత్రాన మన పుప్పొడికి వేడి తగ్గదు.

చివరగా మీ పత్రికకు కొన్ని విన్నపాలు. వేసవిలో మీరు రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత వేస్తారు. దాని పక్కన కనిష్ఠం కూడా వేయండి. కార్బన్ డయాక్సైడ్ ప్రభావం రాత్రుల్లో బాగా తెలుస్తుంది, రాత్రి చల్లబడకపోతే మనిషి ఒళ్లు కోలుకోదు, పైరు పగలు చేసుకున్న పిండిని రాత్రి శ్వాసలో ఖర్చు చేసుకుంటుంది. తేమ శాతం కూడా ఇవ్వండి. 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే తడిబల్బు, అంటే బల్బుకు తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, 24 చూపిస్తుంది, 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 31 చూపిస్తుంది. మనిషికి రెండోదే ప్రమాదం, పేపర్లో మొదటిదే పెద్ద అక్షరాల్లో వస్తుంది.

సెల్‌ఫోన్ చూపే అంకెనూ, కారు డ్యాష్‌బోర్డు అంకెనూ ఉష్ణోగ్రతగా అచ్చు వేయకండి. ఫోన్‌లోది చాలాసార్లు కంప్యూటర్ అంచనా, కారుది రోడ్డు సెగ. కొలత అంటే తెల్ల రంగు వేసిన రెక్కల పెట్టెలో, నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, తలుపు ఉత్తరానికి పెట్టి తీసినదే. తలుపు తీసినప్పుడు బల్బు మీద ఎండ పడకుండా ఉండడానికే ఉత్తరం. మండలాల్లోని ఆటోమేటిక్ కేంద్రాల వాన అంకెలు కూడా కళ్లు మూసుకుని వేయొద్దు. ఆ పరికరం నోట్లో ఆకో, పక్షి రెట్టో అడ్డం పడితే పెద్ద వాన కూడా నాలుగైదు మిల్లీమీటర్లుగా నమోదవుతుంది. పక్క మండలం అంకెతో ఒకసారి సరిచూడాలి. వాన కొలత ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా, అందుకే నిన్న సాయంత్రం పడిన వాన ఈరోజు తేదీ కింద ఉంటుంది, ఆ మాట ఒక్కసారి రాస్తే రైతులకు తికమక తప్పుతుంది. నెల మొత్తం మిల్లీమీటర్లతో పాటు, 2.5 మిల్లీమీటర్లు దాటిన వాన రోజులు ఎన్ని, వరుసగా ఎన్ని రోజులు వాన లేదు అన్నవీ ఇవ్వండి.

ఇంకొకటి. "సాధారణం కంటే 2 డిగ్రీలు ఎక్కువ" అని రాసేటప్పుడు ఆ సాధారణం ఏ ముప్పై ఏళ్ల సగటో చెప్పండి. ఉష్ణోగ్రతకు ఇప్పుడు వాడుతున్నది 1991–2020 సగటు. అది అప్పటికే వేడెక్కిన కాలం. దానితో పోలిస్తే తేడా చిన్నగా కనిపిస్తుంది, 1961–90తో పోలిస్తే పెద్దగా ఉంటుంది. అనంతపురం, కర్నూలు, కడప కేంద్రాలకు ఈ రెండు సగటులూ నెలవారీగా పక్కపక్కన ఒక పట్టికగా ఏడాదికొకసారైనా, ఉగాది నాటికి అచ్చు వేస్తే బళ్లలో పిల్లలు గోడకు అంటించుకుని రోజు అంకెతో తామే పోల్చుకోగలుగుతారు.

ఇట్లు,
భౌతికశాస్త్ర, వ్యవసాయశాస్త్ర అధ్యాపకులు కొందరు,
అనంతపురం